యూజర్‌గా లాగిన్ అయ్యే అడ్మిన్: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

"నా పేజీలో ఇన్వాయిస్ బటన్ రావట్లేదు" అని కస్టమర్ టికెట్ పెడతారు. అడ్మిన్ ఖాతాలోంచి చూస్తే బటన్ చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. తేడా ఆయన రోల్‌లో ఉందో, ప్లాన్‌లో ఉందో, భాష సెట్టింగ్‌లో ఉందో, ఎప్పుడో సగంలో ఆగిపోయిన డేటా మైగ్రేషన్‌లో (పాత డేటాను కొత్త చోటికో, కొత్త రూపంలోకో మార్చడం) ఉందో బయటినుంచి తేలదు. స్క్రీన్‌షాట్ల కోసం మెయిళ్లు అటూ ఇటూ తిరుగుతాయి. చివరికి టీమ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు: "ఒక్కసారి ఆయనలా లాగిన్ అయ్యి చూడలేమా?"

చూడొచ్చు. దీన్నే ఇంపర్సనేషన్ అంటారు. అయితే ఆ ఒక్క పేరు కింద రకరకాల నిర్మాణాలు నడుస్తున్నాయి. వాటి ఖర్చూ వేరు, అపాయమూ వేరు. చాలా టీములు అన్నిటికన్నా బలమైనదాన్ని ముందు కట్టేసి, తర్వాత దానికి కళ్లెం వేయడానికి తిప్పలు పడతాయి. టికెట్ తేలడానికి ఎంత అధికారం కావాలో అంతే ఇచ్చే పద్ధతితో మొదలుపెడితే ఆ తిప్పలు చాలావరకు రావు.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా బరువైన ప్రశ్న: ప్రతి రిక్వెస్ట్‌కూ రెండు పేర్లు నిలబడతాయా? పని ఎవరి పేరున జరిగింది, ఎవరి చేత్తో జరిగింది, ఈ రెండూ విడివిడిగా నమోదు కావాలి. ఒక ఆర్డర్ రద్దయింది, రికార్డులో కస్టమర్ పేరే ఉంది, ఆయనేమో "నేను చేయలేదు" అంటున్నారు అనుకోండి. ఆ ఖాతాలోకి సపోర్ట్ వాళ్లు కూడా వెళ్లగలిగి, వెళ్లిన సంగతి ఎక్కడా రాసి లేకపోతే, ఆయన మాట కాదనడానికి మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు. ఆ ఒక్క ఆర్డర్‌తో పోదు, సిస్టమ్‌లోని ప్రతి రికార్డూ అనుమానంలో పడుతుంది. ఈ పరీక్షలో తప్పిన పద్ధతిని, మిగతా సుగుణాలు ఎన్ని ఉన్నా తీసుకోకండి.

రెండోది అధికారం. చూస్తే చాలా, మార్చడం కూడా కావాలా? ఊహించి చెప్పకండి. పాత టికెట్లు ఒక యాభై తీసి "చూస్తే తెలిసిపోయేవి", "యూజర్ తరఫున ఏదో నొక్కాల్సినవి" అని రెండు కుప్పలు చేయండి. మీ ఎంపికలో సగం అక్కడే తేలిపోతుంది.

మూడోది, వెనక మిగిలే జాడలు: చివరి లాగిన్ సమయం మారడం, సందేశం మీద "చదివారు" గుర్తు పడటం, యూజర్‌కు అనుకోని మెయిల్ వెళ్లడం, వాడకం లెక్కల్లో సపోర్ట్ వాళ్ల క్లిక్కులు కలిసిపోవడం.

నాలుగోది, ఖాతాదారుకు తెలుస్తుందా, ఆయన అనుమతి ఉందా. వైద్యం, జీతాలు, ప్రైవేట్ సందేశాలు ఉండే అప్లికేషన్లలో ఇది పైకి వస్తుంది. ఐదోది మీ సిస్టమ్ ఆకారం: ఒకే సర్వర్, ఒకే సెషన్ కుకీయా (లాగిన్ అయింది ఎవరో సర్వర్‌కు గుర్తుచేసే బ్రౌజర్ గుర్తు), లేక టోకెన్లతో (వచ్చింది ఎవరో, ఏం చేయవచ్చో చెప్పే డిజిటల్ చీటీలు) మాట్లాడుకునే పది సర్వీసులా?

## చర్చకే రాకూడని దారులు

యూజర్ పాస్‌వర్డ్ అడగడం, దాన్ని తాత్కాలికంగా మార్చి లోపలికి వెళ్లడం, ఏ ఖాతానైనా తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టడం. మూడింటిలోనూ లోపలికి వెళ్లింది ఎవరో సర్వర్‌కు తెలిసే అవకాశమే లేదు. మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కసారి బయటికి పొక్కితే అన్ని ఖాతాలూ ఒకేసారి తెరుచుకుంటాయి. ఉద్యోగి ఒకరు మానేసిన ప్రతిసారీ దాన్ని మార్చాలి, ఆ పని ఎవరూ చేయరు. పాస్‌వర్డ్ అడిగే అలవాటు ఇంకా హానికరం. రేపు మోసగాడు ఫోన్ చేసి అడిగినా చెప్పేయడానికి మీ యూజర్లను మీరే సిద్ధం చేసినట్టవుతుంది.

## ఖాతాలోకి వెళ్లకుండానే: సపోర్ట్ ప్యానెల్

అడ్మిన్ ప్యానెల్‌లోనే యూజర్‌కు ఒక పేజీ పెట్టి, ఆయన రోల్, ప్లాన్, ఆన్‌లో ఉన్న ఫీచర్ ఫ్లాగులు (ఒక్కో ఫీచర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు), చివరి ఎర్రర్లు, పంపిన మెయిళ్ల స్థితి చూపించడం. దీనికి "ఈ బటన్ ఈయనకు ఎందుకు కనిపించదు" అని పర్మిషన్ నియమం వారీగా కారణం చెప్పే చిన్న పెట్టె జోడిస్తే మొదట్లో చెప్పిన ఇన్వాయిస్ టికెట్ అక్కడే ముగుస్తుంది. అడ్మిన్ తన పేరుతోనే ఉంటాడు కాబట్టి రెండు పేర్ల సమస్యే రాదు. ప్రైవేట్ సందేశాల్లాంటివి చూపించకుండా ఉండటమూ తేలికే, మీరు పెట్టిందే కనిపిస్తుంది.

లోటు ఏమిటంటే, తెర మీదే పుట్టే దోషాలు ఇక్కడ దొరకవు. పొడవైన పేరు వల్ల మెనూ విరిగిపోవడం, పాత డేటా వల్ల గ్రాఫ్ ఖాళీగా రావడం లాంటివి ఆ పేజీని ఆ డేటాతో తెరిస్తేనే తెలుస్తాయి. డేటా అవసరం లేకుండా రోల్, ప్లాన్ మాత్రమే అనుమానమైతే, అదే రోల్, అదే ప్లాన్‌తో ఒక డమ్మీ ఖాతా చేసుకుని చూడటం చవకైన మధ్యేమార్గం.

## చూడటం వరకే

అడ్మిన్‌కు యూజర్ తెరలే కనిపిస్తాయి, కానీ ఏదీ సేవ్ కాదు. చాలా టీములకు నేను మొదట సిఫార్సు చేసేది ఇదే. అయితే పైకి కనిపించినంత సులువు కాదు.

మొదటి పొర మిడిల్‌వేర్, అంటే ప్రతి రిక్వెస్ట్‌నూ ముందుగా పట్టి చూసే కోడ్. ఇంపర్సనేషన్ సెషన్‌లో గెట్, హెడ్, ఆప్షన్స్ (ఏదీ మార్చకూడని రిక్వెస్ట్ రకాలు, అంటే మెథడ్‌లు) తప్ప మరే రిక్వెస్ట్ వచ్చినా 403 (అనుమతి లేదు) ఇవ్వాలి. ఇక్కడితో ఆగితే మూడు చోట్ల చిల్లు మిగులుతుంది. గెట్ రిక్వెస్ట్‌లోనే ఏదో రాసే పేజీలు ఉంటాయి, సందేశం తెరవగానే "చదివారు" అని గుర్తు పెట్టడం అలాంటిదే. గ్రాఫ్‌క్యూఎల్‌లో (సర్వర్‌ను డేటా అడిగే ఒక భాష) చదవడానికైనా మార్చడానికైనా సాధారణంగా పోస్టే (మామూలుగా మార్పులకు వాడే రిక్వెస్ట్ రకం) వస్తుంది కాబట్టి మెథడ్ చూసి అడ్డుకుంటే అంతా ఆగిపోతుంది. అక్కడ మ్యుటేషన్ (మార్చే ఆదేశం) అవునా కాదా అని లోపల చూడాలి. వెబ్‌సాకెట్ (సర్వర్‌తో తెరిచే ఉండే కనెక్షన్) ఒకసారి తెరుచుకున్నాక దాని మీద వచ్చే సందేశాలు ఆ మిడిల్‌వేర్ గుండా అసలు వెళ్లవు.

అందుకే రెండో పొర డేటాబేస్‌లో ఉండాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడుతుంటే ఆ రిక్వెస్ట్ మొత్తాన్ని రీడ్ ఓన్లీ ట్రాన్సాక్షన్‌లో (చదవనిచ్చి, రాయనివ్వనిది) నడిపించవచ్చు. దాచి ఉన్న రాత ఏదైనా ఎర్రర్‌గా బయటపడుతుంది. ఇది పెట్టిన మొదటి రోజే రెండు విషయాలు అడ్డం వస్తాయి. సెషన్లు అదే డేటాబేస్‌లో ఉంటే సెషన్ గడువు పొడిగించే చిన్న రాత కూడా విఫలమై పేజీ తెరుచుకోదు. ఆడిట్ లాగ్‌దీ (ఎవరు ఎప్పుడు ఏం చేశారో రాసే పట్టిక) అదే గతి, అడ్మిన్ వచ్చాడని రాయబోతే ఆ రాతే ఆగిపోతుంది. ఈ రెండింటికీ వేరే కనెక్షన్ ఇవ్వండి. ఇక డేటాబేస్ ఆపలేనివి బయటి సేవలు: మెయిల్, ఎస్సెమ్మెస్, పేమెంట్ గేట్‌వే. వాటిని పిలిచే కోడ్‌లోనే ఇంపర్సనేషన్ ఉందేమో చూసి ఆపాలి.

ఇంకొక జాగ్రత్త. చూడటం వరకే అని పెట్టిన తెరలోంచి ఎట్టి పరిస్థితిలోనూ కొత్త టోకెన్ పుట్టకూడదు. 2018 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్ బయటపెట్టిన లోపం సరిగ్గా ఇక్కడే ఉంది. మన ప్రొఫైల్ ఇతరులకు ఎలా కనిపిస్తుందో చూపించే "వ్యూ యాజ్" పేజీలో వీడియో అప్‌లోడ్ చేసే భాగం కనిపించింది. అది యాక్సెస్ టోకెన్ తయారు చేసింది. ఆ టోకెన్ చూస్తున్న మనిషిది కాక, ఎవరి కళ్లతో చూస్తున్నారో వారిది. ఆ మార్పు కోడ్‌లోకి వచ్చింది 2017 జులైలో. మొదట దాదాపు 5 కోట్ల ఖాతాలని చెప్పి, తర్వాత టోకెన్లు పోయినవి సుమారు 3 కోట్లని సంస్థ లెక్క సవరించింది. అది అడ్మిన్ల కోసం చేసిన ఫీచర్ కాదు, అయినా పాఠం నేరుగా వర్తిస్తుంది: చూపించే పేజీలో కొన్నేళ్ల తర్వాత ఇంకొకరు పెట్టే విడ్జెట్‌ను కూడా మీ అడ్డుకట్ట ఆపగలగాలి.

## పూర్తి సెషన్ మార్పిడి

అడ్మిన్ "ఈ యూజర్‌గా లాగిన్" నొక్కగానే సెషన్‌లో యూజర్ ఐడీ మారిపోతుంది, అసలు అడ్మిన్ ఐడీ పక్కన భద్రంగా ఉంటుంది. బయటికి వచ్చేటప్పుడు దాన్ని తిరిగి పెడతారు. ఒకే సర్వర్, కుకీ సెషన్ ఉన్న అప్లికేషన్‌లో ఇది అన్నిటికన్నా త్వరగా కట్టగలిగేది, టికెట్లను అన్నిటికన్నా త్వరగా తేల్చేది కూడా. దోషాన్ని కళ్లారా చూసి, అక్కడికక్కడే సరిచేసి రావచ్చు. ప్రమాదమూ అక్కడే ఉంది.

జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) సొంతంగా రాస్తే ఏమవుతుందో చూడండి. అడ్మిన్ ఐడీని సెషన్‌లో దాచి, ఆ తర్వాత యూజర్ పేరుతో లాగిన్ ఫంక్షన్ పిలుస్తారు. సెషన్‌లో వేరే యూజర్ ఉన్నాడని గమనించి జాంగో పాత సెషన్‌ను మొత్తం తుడిచేస్తుంది. దాచిన ఐడీ పోతుంది, అడ్మిన్ వెనక్కి రాలేడు, ఆడిట్‌లో యూజర్ పేరొక్కటే మిగులుతుంది. ఐడీని లాగిన్ తర్వాతే రాయాలి. పైగా అదే ఫంక్షన్ లాగిన్ సిగ్నల్ పంపి చివరి లాగిన్ సమయాన్ని మార్చేస్తుంది. ఆరు నెలలుగా రాని యూజర్ ఈరోజే వచ్చినట్టు లెక్క మారుతుంది.

ఈ పద్ధతిలో తరచుగా బయటపడే మిగతా లోపాలు:

- రెండు ట్యాబులు. బ్రౌజర్‌లో కుకీ అన్ని ట్యాబులకూ ఒకటే. ఒక ట్యాబ్‌లో యూజర్‌గా మారితే పక్క ట్యాబ్‌లో తెరిచి ఉన్న అడ్మిన్ పేజీ కూడా యూజర్‌దే అవుతుంది. ఇంపర్సనేషన్‌ను వేరే సబ్‌డొమైన్‌లో, వేరే కుకీతో నడిపితే ఇది పోతుంది. లోకల్ స్టోరేజ్ (బ్రౌజర్‌లో సైట్ దాచుకునే డేటా) కూడా ఒరిజిన్‌ను (సైట్ చిరునామాను) బట్టే విడిపోతుంది కాబట్టి ఇద్దరి డేటా కలవదు.
- నోటిఫికేషన్లు. పేజీ తెరవగానే పుష్‌కు నమోదయ్యే అప్లికేషన్ అయితే, యూజర్ నోటిఫికేషన్లు అడ్మిన్ బ్రౌజర్‌కు రావడం మొదలవుతుంది. సెషన్ ముగిసినా ఆగదు.
- బ్యాక్‌గ్రౌండ్ జాబులు, అంటే వరుసలో (క్యూలో) పెట్టి తర్వాత వెనక నడిపే పనులు. వెబ్ రిక్వెస్ట్‌లో రెండు పేర్లూ ఉంటాయి. క్యూలోకి వెళ్లే జాబ్‌లో యూజర్ ఐడీ ఒక్కటే వెళ్తుంది. జాబ్ వివరాల్లో అడ్మిన్ ఐడీ కూడా పంపాలి.
- మెట్లెక్కడం. సపోర్ట్ ఉద్యోగి సూపర్ అడ్మిన్‌గా మారగలిగితే మీ పర్మిషన్లకు అర్థం లేదు. తనకు లేని హక్కు ఉన్న ఏ ఖాతాలోకీ వెళ్లనివ్వకండి. ఇంపర్సనేషన్ లోపల ఇంకో ఇంపర్సనేషన్‌నూ ఆపండి.
- లింక్‌తో మారిపోవడం. గెట్ లింక్ నొక్కితేనే మారేలా పెడితే, యూజర్ తన పేరున్న ఆ లింక్‌ను టికెట్‌లో అతికించవచ్చు. అడ్మిన్ నొక్కి, తెలియకుండానే ఆ ఖాతాలో కూర్చుని, అంతర్గత వివరాలు అందులో టైప్ చేస్తాడు. పోస్ట్, సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (రిక్వెస్ట్ మీ పేజీలోంచే వచ్చిందని తేల్చే రహస్య గుర్తు) తప్పనిసరి.

## టోకెన్ మార్పిడి

మొబైల్ యాప్, సింగిల్ పేజ్ అప్లికేషన్, వెనక అనేక సర్వీసులు ఉన్నచోట సెషన్‌లో దాచిన అడ్మిన్ ఐడీ మొదటి సర్వర్ దాటి వెళ్లదు. అక్కడ ఆధారపడదగ్గ దారి ఓఆథ్ 2.0 (టోకెన్లతో అనుమతులిచ్చే ప్రమాణం) టోకెన్ ఎక్స్‌ఛేంజ్. 2020 జనవరిలో ఆర్ఎఫ్‌సీ 8693 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది. అడ్మిన్ తన టోకెన్ చూపించి, యూజర్ తరఫున పనిచేసే కొత్త టోకెన్ తీసుకుంటాడు. ఇంపర్సనేషన్‌కూ డెలిగేషన్‌కూ ఆ పత్రం గీత గీస్తుంది: మొదటిదానిలో టోకెన్ చూసేవారికి అసలు మనిషి కనిపించడు, రెండోదానిలో ఇద్దరూ కనిపిస్తారు. మీకు కావాల్సింది రెండోది. అందులో "సబ్" క్లెయిమ్‌లో (టోకెన్‌లోని ఒక గడి) యూజర్ ఉంటాడు, "యాక్ట్" క్లెయిమ్‌లో అడ్మిన్ ఉంటాడు.

చిక్కు ఎక్కడంటే, "యాక్ట్" క్లెయిమ్ గురించి తెలియని పాత సర్వీస్ దాన్ని వదిలేసి "సబ్" మాత్రమే చదివి, వచ్చింది యూజరే అనుకుంటుంది. పది సర్వీసుల్లో తొమ్మిది సరిగ్గా ఉన్నా పదోది గండి. అందుకని ఇలాంటి టోకెన్‌కు వేరే ఆడియన్స్ (టోకెన్ ఏ సర్వీసుల కోసమో చెప్పే గడి) పెట్టి, సిద్ధంగా ఉన్న సర్వీసులే అంగీకరించేలా చేయండి. సిద్ధం కానివి తిరస్కరిస్తాయి, అదే మంచిది. గడువు 10 నుంచి 15 నిమిషాలు చాలు, రిఫ్రెష్ టోకెన్ (గడువు తీరాక కొత్త టోకెన్ తెచ్చిపెట్టేది) ఇవ్వకండి. సంతకం చూసి నమ్మే టోకెన్‌ను మధ్యలో వెనక్కి తీసుకోవడం కష్టం కాబట్టి చిన్న గడువే మీ రక్షణ.

## యూజర్ అనుమతితో, యూజర్ ఎదుటే

స్క్రీన్ షేరింగ్‌లో సంగతి సరళం: యూజరే నొక్కుతాడు, మీరు చూస్తారు. కోడ్ దాదాపు అక్కర్లేదు. ఇద్దరికీ ఒకే సమయం కుదరాలి, అదొక్కటే పెద్ద ఇబ్బంది. దీనికన్నా మెరుగైన రూపం, యూజర్ సెట్టింగుల్లో "24 గంటలపాటు సపోర్ట్‌కు ప్రవేశం ఇవ్వు" అనే స్విచ్. ఇది విడి పద్ధతి కాదు, ఖాతాలోకి వెళ్లే పై మూడింటిలో దేనికైనా ముందు పెట్టగల తలుపు.

## ఒక్కచోట చూస్తే

| పద్ధతి | రెండు పేర్లు | మార్చే శక్తి | ఎక్కడ తప్పుతుంది | కట్టే శ్రమ |
|---|---|---|---|---|
| సపోర్ట్ ప్యానెల్ | సమస్యే రాదు | మీరు పెట్టిన పనులకే | తెర మీది దోషాలు దొరకవు | మధ్యస్థం, క్రమంగా పెరుగుతుంది |
| చూడటం వరకే | ఉంటాయి | లేదు | దాచిన రాతలు, వెబ్‌సాకెట్ | మధ్యస్థం |
| సెషన్ మార్పిడి | జాగ్రత్తగా కడితేనే | పూర్తి | ట్యాబులు, జాబులు, మెట్లెక్కడం | తక్కువ, కళ్లెం వేయడానికి ఎక్కువ |
| టోకెన్ మార్పిడి | టోకెన్‌లోనే ఉంటాయి | స్కోప్‌ను (టోకెన్‌కు ఇచ్చిన అనుమతులను) బట్టి | "యాక్ట్" చూడని సర్వీసులు | ఎక్కువ |
| స్క్రీన్ షేరింగ్ | యూజరే చేస్తాడు | యూజర్ చేతిలో | సమయం కుదరదు | దాదాపు లేదు |

## మీ పరిస్థితిని బట్టి

ఇద్దరు ముగ్గురు డెవలపర్లే సపోర్ట్ కూడా చూస్తూ, ఫ్రేమ్‌వర్క్ ఒకటే ఉంటే: నమ్మకమైన లైబ్రరీతో సెషన్ మార్పిడి తీసుకుని, దాని మీద గెట్ మాత్రమే అనుమతించే మిడిల్‌వేర్ పెట్టండి. మార్చే శక్తిని అవసరం నిజంగా రుజువయ్యాకే తెరవండి.

సపోర్ట్ టీమ్ పెద్దదై, అందులో బయటి ఏజెన్సీ వాళ్లు కూడా ఉంటే: సపోర్ట్ ప్యానెల్‌కే ఎక్కువ సమయం పెట్టండి. "ఇన్వాయిస్ మళ్లీ పంపు" లాంటి పనులను ఒక్కొక్క బటన్‌గా అక్కడే ఇస్తే, ఖాతాలోకి వెళ్లాల్సిన టికెట్లు నెలనెలా తగ్గుతాయి. మిగిలిన వాటిని చూడటం వరకే పద్ధతితో కొద్దిమంది సీనియర్లకు ఇవ్వండి.

ఇతర సంస్థలకు సాఫ్ట్‌వేర్ అమ్మేవారైతే: కస్టమర్ సంస్థ అడ్మిన్ చేతిలో అనుమతి స్విచ్ ఉంచండి, ఎవరు ఎప్పుడు వచ్చారో వాళ్లకే కనిపించే లాగ్ ఇవ్వండి. భద్రత ప్రశ్నావళిలో ఇది దాదాపు తప్పక అడుగుతారు. ఆ సంస్థ అడ్మిన్‌కే తన ఉద్యోగులుగా మారే హక్కు ఇస్తుంటే టెనెంట్ ఐడీని (ఆ యూజర్ ఏ కస్టమర్ సంస్థ వారో చెప్పే గుర్తింపు) సర్వర్‌లో ప్రతిసారీ పోల్చండి, యూజర్ జాబితా ఫిల్టర్‌ను నమ్ముకోకండి.

ఆరోగ్యం, ప్రైవేట్ సందేశాలు, డబ్బు ఉన్నచోట పూర్తి సెషన్ మార్పిడి వద్దు. ప్యానెల్, అనుమతితో చూడటం, ఈ రెండే. చూసేటప్పుడు కూడా సందేశాల సారం, పూర్తి ఖాతా సంఖ్యలు సర్వర్ వైపే మాస్క్ చేయండి (కనపడకుండా కప్పేయండి).

## ఏది తీసుకున్నా వదలకూడనివి

పాస్‌వర్డ్, మెయిల్ ఐడీ, రెండో దశ ధ్రువీకరణ మార్చడం, ఏపీఐ కీ సృష్టించడం, పేమెంట్ పద్ధతి చేర్చడం, డేటా ఎక్స్‌పోర్ట్, ఖాతా తొలగింపు. ఇవి ఇంపర్సనేషన్‌లో ఎప్పుడూ మూసే ఉండాలి. మొదటి నాలుగింటిలో ఏ ఒక్కటి తెరిచినా, తాత్కాలిక ప్రవేశం శాశ్వతమైపోతుంది.

ఆడిట్ వరుసలో ఉండాల్సినవి: అడ్మిన్ ఐడీ, యూజర్ ఐడీ, టికెట్ సంఖ్య, మొదలు, ముగింపు, ఐపీ, ప్రతి రిక్వెస్ట్ మార్గం. అప్లికేషన్ వాడే డేటాబేస్ యూజర్‌కు ఆ టేబుల్‌లో చేర్చే హక్కే ఇవ్వండి, మార్చే, చెరిపే హక్కు ఇవ్వకండి. టికెట్ సంఖ్య లేకుండా సెషన్ మొదలు కానివ్వకండి. 30 నిమిషాలకు దానంతట అదే ముగియాలి, ప్రతి క్లిక్‌తో పొడిగించకండి. పేజీ పైన యూజర్ పేరు, మిగిలిన సమయం, బయటికి వచ్చే బటన్ ఉన్న పట్టీ కదలకుండా ఉండాలి.

సపోర్ట్ ఉద్యోగి ఖాతా ఇప్పుడు అందరి ఖాతాలకూ తాళంచెవి. 2020 జులైలో ట్విట్టర్ ఉద్యోగులను ఫోన్‌లో మోసగించి, వాళ్ల ద్వారా అంతర్గత సపోర్ట్ టూల్స్‌లోకి చొరబడినవారు 130 ఖాతాలను లక్ష్యం చేసుకుని 45 ఖాతాల నుంచి ట్వీట్లు పంపారు. ఇంపర్సనేషన్ మొదలుపెట్టేముందు అడ్మిన్‌ను హార్డ్‌వేర్ కీతో మళ్లీ ధ్రువీకరించమనండి. ఒకే ఉద్యోగి గంటలో పదికి మించి ఖాతాలు తెరిస్తే అలర్ట్ వెళ్లాలి.

## చేతికందే లైబ్రరీలు

జాంగోకు జాంగో హైజాక్ ఉంది, ఏమీ మార్చకుండా ఉంచితే సూపర్‌యూజర్లకే అనుమతి ఇస్తుంది. రైల్స్‌లో (రూబీ ఫ్రేమ్‌వర్క్) ప్రిటెండర్ జెమ్ (లైబ్రరీ) "కరెంట్ యూజర్", "ట్రూ యూజర్" అని రెండు పేర్లనూ విడిగా అందిస్తుంది కాబట్టి ఆడిట్ రాయడం తేలిక. స్ప్రింగ్ సెక్యూరిటీలో (జావా) స్విచ్ యూజర్ ఫిల్టర్ అసలు మనిషి వివరాలను ఒక ప్రత్యేక అథారిటీలో (హక్కు నమోదులో) మోస్తుంది. సింఫనీలో (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) ఇది యూఆర్ఎల్‌లోని ఒక పారామీటర్‌తో నడుస్తుంది. పైన చెప్పిన లింక్ ప్రమాదాన్ని అక్కడ మీరే అడ్డుకోవాలి. కీక్లోక్ (లాగిన్‌లు చూసుకునే సర్వర్) వాడేవారికి అడ్మిన్ కన్సోల్‌లోనే ఇంపర్సనేషన్ ఉంది, దానికి ప్రత్యేక రోల్ కావాలి.

వీటిలో ఏదీ మీ బ్యాక్‌గ్రౌండ్ జాబులను, వెబ్‌సాకెట్లను, మెయిళ్లను చూసుకోదు. విడుదలకు ముందు ఒక టెస్ట్ యూజర్‌గా మారి సందేశం తెరవండి, ఒక జాబ్ నడిపించండి, పాస్‌వర్డ్ మార్చబోయి చూడండి, 31వ నిమిషంలో ఒక పేజీ రీఫ్రెష్ చేయండి. తర్వాత ఆడిట్ టేబుల్ తెరిచి, ఈ నాలుగింటి పక్కనా రెండు పేర్లు ఉన్నాయో లేదో చూడండి.